జాతీయ అటవీ కార్యక్రమం: మీకు మీరే నేర్చుకోండి – 3వ పాఠం: పిలుపు అందనివాళ్లు

కిందటి పాఠంలో మీ అడవి పరిస్థితిని ఒక్క పేజీలో రాయమన్నాను. ఆ పేజీ దగ్గర పెట్టుకోండి. ఇవాళ ఆ అడవితో ముడిపడ్డ మనుషుల జాబితా రాద్దాం.

ముందు కొంచెం చరిత్ర. 1985లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), ప్రపంచ బ్యాంకు, యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం), ప్రపంచ వనరుల సంస్థ కలిసి ఉష్ణమండల అటవీ కార్యాచరణ ప్రణాళిక మొదలుపెట్టాయి. డబ్బుకూ నిపుణులకూ కొదవ లేదు. అయినా కొన్నేళ్లకే విమర్శలు చుట్టుముట్టాయి. దాతలకు నచ్చే ప్రాజెక్టుల చిట్టాగా అది మారిందనీ, అడవినే నమ్ముకున్నవాళ్లను అడిగిన పాపాన పోలేదనీ. పర్యావరణం మీద 1992లో జరిగిన రియో సదస్సు తర్వాత, 1995–97 మధ్య ఐక్యరాజ్యసమితిలో సాగిన చర్చలు ఆ వరసను మార్చాయి. దేశం ముందు నడవాలి, అందరికీ చోటుండాలి, విదేశీ సాయం ఆ దారికి తోడు రావాలి. జాతీయ అటవీ కార్యక్రమం అన్నమాటకు అసలు అర్థం అదే.

ఇక పనిలోకి దిగుదాం. కాగితం మీద నాలుగు గడులు గీయండి: హక్కు, బాధ్యత, రాబడి, సంబంధాలు. అడవితో పనున్న ప్రతివారికీ ఒక వరస. కలప కంపెనీ వరస తేలిగ్గానే నిండుతుంది, కాగితాలుంటాయి కాబట్టి. కట్టెలు ఏరుకునే మహిళ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగుతుంది. హక్కు గడి చాలాచోట్ల ఖాళీ. బాధ్యత గడిలో మాత్రం మంటలార్పడానికి ముందు పరుగెత్తేది ఆమే అని రాయాల్సి వస్తుంది. రాబడి అంటే పొయ్యిలోకి కట్టెలు. సంబంధాల గడిలో గార్డు అంటే భయం. బాధ్యత బరువుగా, హక్కు ఖాళీగా ఉన్న వరసలన్నిటికీ ఎర్ర గుర్తు పెట్టండి. మీ సంప్రదింపులు అక్కడి నుంచే మొదలవ్వాలి. నేనైతే మంత్రిత్వ శాఖల సమావేశం కన్నా ముందే వాళ్ల దగ్గరికి వెళ్లమంటాను.

మందలతో ఏడాదిలో కొన్ని నెలలే వచ్చిపోయే పశుపోషకులను మరవకండి. వాళ్లు లేని నెలలో సభ పెడితే వాళ్లకు పిలుపు అందనట్టే.

ఒక వరస మనుషుల తరఫున ప్రతినిధి దొరకగానే పని అయిపోదు. అతను తిరిగి వెళ్లి ఎవరికి చెబుతాడు? ఆ జవాబు లేకపోతే అతను తన ఒక్కడి తరఫునే మాట్లాడుతున్నట్టు. నేపాల్‌లో 1993 అటవీ చట్టం, అడవిని వాడుకునే ఊరివాళ్ల సంఘాలకు గుర్తింపు ఇచ్చింది. 1995లో ఆ సంఘాలు సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఊళ్లో కమిటీ నుంచి రాజధానిలో విధాన చర్చ దాకా మాట పోయే దారి, జవాబు తిరిగొచ్చే దారి అలా పడ్డాయి. సమాఖ్య కమిటీల్లో సగం చోట్లు మహిళలకే అన్న నియమమూ ఉంది. అలాంటి దారి లేనిచోట దాన్ని వేయడమే కార్యక్రమంలో తొలి ఖర్చు కావాలి.

దాతలతో మాట్లాడేటప్పుడు ఈ పట్టిక వెంట తీసుకెళ్లండి. 2002లో ఎఫ్ఏఓ దగ్గర ఏర్పడిన జాతీయ అటవీ కార్యక్రమాల సహాయ నిధి, ప్రభుత్వాలతో పాటు పౌర సంఘాలకూ చిన్న గ్రాంట్లు ఇచ్చింది. కాబట్టి సంప్రదింపులకు, ప్రయాణ ఖర్చులకు, స్థానిక భాషలోకి అనువాదానికి డబ్బు అడగడం మీకు సిగ్గు కాకూడదు.

అభ్యాసం: ఎర్ర గుర్తు పెట్టిన వరసల్లో ఒకదాన్ని ఎంచుకుని, ఆ మనుషుల్లో ముగ్గురితో మాట్లాడండి. మీరు నింపిన గడుల్లో ఏది తప్పో వాళ్లనే అడిగి, వేరే రంగు సిరాతో దిద్దండి. 4వ పాఠంలో దిద్దిన పట్టికతోనే పని.