అన్నం మానేసినా షుగర్ దిగడం లేదా? ముందు జావ చెంబు చూడండి

సమస్య: పరగడుపున చేయిస్తే 130 లోపే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి మాత్రం 8 దాటి వస్తుంది. "అన్నం జోలికే పోవడం లేదు సిస్టర్, మాత్ర ఒక్కపూట తప్పలేదు" అంటారు.

ముందు చూడాల్సింది: తిన్న తర్వాతి షుగర్. మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి సరిగ్గా రెండు గంటలకు. ఎన్నిసార్లు చెప్పినా పరగడుపు రిపోర్టు ఒక్కటే పట్టుకొస్తారు. తిన్నాక 180 దాటుతుంటే ముందు తిండినే వెతకాలి.

దొరకని దొంగ: రాగిజావ. వింజమూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దమ్మకు అన్నం తగ్గించి రాగులు వాడమని నేనే చెప్పాను. మూడు నెలలకు హెచ్‌బిఎ1సి 7.1 కాస్తా 8.2 అయింది. మాత్రలు మింగడం లేదని ఆమెను కోప్పడ్డాను కూడా. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. జావ తాగే గ్లాసు తెమ్మంటే స్టీలు చెంబు తెచ్చింది. నీళ్లు పోసి కొలిస్తే ముప్పావు లీటరు. అది తాగాక మళ్లీ రెండిడ్లీలు. "జావే కదమ్మా, తాగేది తిండెట్లా అవుతుంది?" అంది.

వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములైతే రాగుల్లో 67. తేడా అంతే. రాగుల్లో కాల్షియం, పీచు ఎక్కువ, అది నిజం. కానీ మెత్తగా ఆడించిన పిండిని కాచి తాగితే నమిలే పని లేదు, కడుపులో ఆగేదీ లేదు, గబగబా రక్తంలో కలుస్తుంది. పప్పూ కూరతో నాలుగు ముద్దలు మొలగొలుకుల అన్నం తిన్నవాళ్ల కంటే ఉత్త జావ చెంబెడు తాగినవాళ్లకే రీడింగ్ ఎక్కువ రావడం చాలాసార్లు చూశాను.

పరిష్కారం: ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవాళ్లు జావ తగ్గించే ముందు డాక్టర్‌కు చెప్పాలి, షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మిగతావాళ్లు మూడు రోజులు జావతో, మూడు రోజులు జావ లేకుండా రెండు గంటల రీడింగ్ రాసుకోండి. రాగులు వదలక్కర్లేదు. పిండి బరకగా ఆడించి, పిడికిలంత సంగటి చేసుకుని, ఆకుకూర పప్పుతోనో చేపల పులుసుతోనో తినండి. తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. జావే కావాలంటే టీ గ్లాసెడు, మజ్జిగ కలిపి, టిఫిన్ బదులుగా.

స్టెరాయిడ్ మాత్రలు, రక్తహీనత లాంటి వాటివల్ల కూడా రిపోర్టు ఎక్కువ రావచ్చు, వాటి సంగతి డాక్టర్ చూస్తారు. రెండు వారాలకీ తేడా లేకపోతే ఆలస్యం చేయకుండా రీడింగుల కాగితంతో వెళ్లండి. రోజూ తాగే గ్లాసు కూడా సంచిలో వేసుకెళ్లండి.