సామానుతో హైవే ఎక్కితే బైక్ ఊగుతోందా? కారణాన్ని ఇలా పట్టుకోండి

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్తున్నప్పుడు జడ్చర్ల దాటాక నా బైక్ వెనకభాగం మొదటిసారి ఊగింది. స్పీడోమీటర్ 80 దగ్గర ఉంది. వెనక టాప్ బాక్స్, రెండు పక్కలా బ్యాగులు. ఒక లారీని దాటిన మరుక్షణం, సీటు కింద ఎవరో కూర్చుని బండిని ఎడమకీ కుడికీ మెల్లగా నెడుతున్నట్టు అనిపించింది. యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలాను. 60కి వచ్చేసరికి ఊపు ఆగింది. ఇంటికొచ్చాక సామాను దించి అదే వేగంలో నడిపి చూస్తే బండి మామూలుగానే ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది "బరువు ఎక్కువైంది" అనుకుని వదిలేస్తారు. నేనూ వదిలేసి ఉంటే బండిలో ఉన్న అసలు లోపం అలాగే ఉండిపోయేది. అది నాకు ఎలా దొరికిందో, మీరు ఏ వరసలో వెతకాలో చెప్తాను. ఒక్కసారికి ఒక్కటే మార్చి నడిపి చూడండి. ఒకేరోజు గాలి పట్టించి, షాక్ అబ్జార్బర్ బిగించి, బ్యాగులు సర్దేస్తే ఊపు తగ్గొచ్చు. కానీ దేనివల్ల తగ్గిందో తెలియదు, అసలు లోపం మళ్లీ దాక్కుంటుంది.

1. ఊపు ఏ రకమో ముందు తేల్చుకోండి

మోటార్‌సైకిల్ ఊపుల మీద బ్రిటిష్ ఇంజనీర్ రాబిన్ షార్ప్ 1971లో రాసిన పరిశోధన పత్రం ఇప్పటికీ ఆధారం. అందులో ఆయన వేరుచేసి చూపించిన వాటిలో రెండు మనకు ముఖ్యం.

మొదటిది వీవ్. బండి మొత్తం పాములా మెలికలు తిరుగుతుంది. సెకనుకు రెండు మూడు ఊపులు మాత్రమే, అంటే నోటితో లెక్కపెట్టుకోవచ్చు. వెనక నుంచి మొదలైనట్టు ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ పెరుగుతుంది. వెనక ఎత్తులో బరువు పెడితే ఎక్కువగా వచ్చేది ఇదే.

రెండోది వాబుల్. హ్యాండిల్ ఒక్కటే గబగబా వణుకుతుంది, లెక్కపెట్టలేరు. వేగం తగ్గిస్తూ హ్యాండిల్ మీద చేతులు వదులు చేసినప్పుడు, 80 కంటే తక్కువలో కూడా కనిపిస్తుంది.

వీవ్ అయితే వెనక నుంచి వెతకడం మొదలుపెట్టండి, వాబుల్ అయితే ముందు నుంచి. లారీ గాలికి బండి ఒక్కసారి పక్కకు జరిగి, ఒకటి రెండు ఊపుల్లో సర్దుకుంటే అది లోపం కాదు. ఊపు ఆగకుండా సాగినా, ఒకదాని కంటే ఇంకొకటి పెద్దదవుతున్నా లోపం ఉన్నట్టే.

నడుపుతుండగా ఊపు మొదలైతే బ్రేకు గట్టిగా పట్టొద్దు, యాక్సిలరేటర్ ఒక్కసారిగా మూసేయొద్దు. మోకాళ్లతో ట్యాంకును నొక్కిపట్టి, ఒంటిని కాస్త ముందుకు వంచి, చేతుల బిగువు సడలించి, వేగాన్ని మెల్లగా దిగనివ్వండి. టెన్షన్‌లో హ్యాండిల్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటే మన చేతుల కదలిక కూడా అంతగా ఆ ఊపులో కలుస్తుంది.

2. ఎక్కడ, ఎలా నడిపి చూడాలి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ లేన్లలోకి టూవీలర్లను రానివ్వరు, కాబట్టి ఆ ఆలోచన వద్దు. నాలుగు లేన్ల హైవేల్లో టూవీలర్‌కు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 80 కిలోమీటర్లు. మన పరీక్షకు అది చాలు. పొద్దున్నే ట్రాఫిక్, గాలి లేని వేళ, తిన్నగా ఉండే రోడ్డు ఎంచుకోండి. ఊపు బాగా వచ్చేదాకా వేగం పెంచి చూడటం ప్రాణాలతో ఆట. మొదటి సూచన కనిపించగానే తగ్గించి, పక్కకు ఆపి, ఆ వేగాన్ని ఫోన్‌లో రాసుకోండి. ట్యాంకులో పెట్రోలు ఎంత, బ్యాగుల్లో బరువు ఎంత, టైర్లలో గాలి ఎంత ఉందో కూడా రాయండి.

3. సామాను దించి, ఒక్కొక్కటే ఎక్కించండి

ముందు ఖాళీ బండి. తర్వాత పక్క బ్యాగులు. ఆపైన ఖాళీ టాప్ బాక్స్. చివరగా నింపిన టాప్ బాక్స్. ఖాళీ బాక్స్‌తోనే ఊపు వస్తే గాలి పట్టడం వల్లో, బిగింపు వదులవడం వల్లో అయి ఉంటుంది. నింపాకే వస్తే బరువు, ఆ బరువు ఉన్న చోటు కారణం.

చోటు ఎంత ముఖ్యమో ఒక లెక్కతో చెప్తాను. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 1,400 మిల్లీమీటర్లు అనుకోండి. వెనక ఇరుసు కంటే 300 మిల్లీమీటర్లు వెనక్కి, టాప్ బాక్స్‌లో 10 కిలోలు పెట్టారు. వెనక చక్రం మీద 12 కిలోలకు పైగా పడుతుంది. ముందు చక్రం మీద నుంచి 2 కిలోలకు పైగా లేచిపోతుంది. అదే 10 కిలోలను పక్క బ్యాగుల్లో, ఇరుసుకు సరిగ్గా పైన ఉండేలా సర్దితే ముందు చక్రం బరువు దాదాపు మారదు. పైగా బరువు బండి మధ్య నుంచి ఎంత దూరం జరిగితే, ఊపు మొదలయ్యాక దాన్ని ఆపడం అంత కష్టం. అందుకే పానాలు, తాళం గొలుసు, నీళ్ల సీసాలు పక్క బ్యాగుల అడుగున, వీలైనంత ముందుకు పెట్టండి. టాప్ బాక్స్‌లో బట్టలు, రెయిన్‌కోటు చాలు.

బాక్స్ లోపలో, క్యారియర్ మీదో చిన్న స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఎన్ని కిలోల వరకు, ఎంత వేగం వరకు అని రాసి ఉంటుంది. చాలామంది చూడరు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద రెండు పక్క బ్యాగులనూ తూచి సమానం చేయండి. బాక్స్‌ను రెండు చేతులతో పట్టి అటూ ఇటూ ఊపండి. బండితో పాటు కాకుండా అది విడిగా కదిలితే క్యారియర్ నట్లు చూడాలి. సాగే రబ్బరు తాళ్లకంటే బకిల్ ఉన్న బెల్టు పట్టీలే మేలు.

4. టైర్లు

బండి చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో ఉండే స్టిక్కర్‌లో ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకో అంకె ఉంటాయి. సామాను ఉంటే ఇద్దరి అంకెనే పాటించండి. తర్వాత వెనక టైరు మీద అరచేయి అడ్డంగా పెట్టి రుద్ది చూడండి. గుండ్రంగా ఉండాల్సిన నడిమి భాగం హైవే మీద అరిగి బల్లలా చదునైతే, ఆ అంచు దగ్గర బండి తడబడుతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం.

5. వెనక షాక్ బిగింపు

బరువు పెట్టాక వెనకభాగం కిందికి కూర్చుంటే ముందుభాగం తేలికవుతుంది. టూల్‌కిట్‌లోని వంపు స్పానర్‌తో షాక్ కింద మెట్ల రింగును తిప్పి గట్టి చేయండి. రెండు షాకులుంటే రెండూ ఒకే మెట్టులో ఉండాలి. ఆ తర్వాత సీటును గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి ఆగాలి. రెండు మూడుసార్లు ఎగిరితే షాక్‌లో ఆయిల్ పని అయిపోయినట్టు, దాన్ని బిగింపు బాగుచేయలేదు.

6. ఆట (భాగాల మధ్య వదులు) ఎక్కడుందో చేతులతో వెతకండి

నా బండి లోపం దొరికింది ఇక్కడే. ఒక మెకానిక్ "షాకులు పోయినయ్ అన్నా, మార్చేద్దాం" అన్నాడు. షాకులు మార్చడానికి వేలల్లో ఖర్చవుతుంది కాబట్టి ముందు ఒకసారి చేత్తో చూద్దామనుకున్నాను.

సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం వెనక గొంతుకు కూర్చున్నాను. టైరును పై అంచున, కింది అంచున పట్టుకుని, ఒక చేత్తో లాగుతూ రెండో చేత్తో నెట్టాను. వేళ్లకు చాలా సన్నగా "టక్" అని తగిలింది. చెవికి వినపడేంత కాదు, వేళ్లకు తెలిసేంతే. చక్రం బేరింగో, స్వింగ్ ఆర్మ్ కీలులో ఉండే బుష్షో తేల్చడానికి చక్రం వదిలేసి స్వింగ్ ఆర్మ్ చివరనే పట్టి పక్కలకు కదిపాను. ఆ "టక్" మళ్లీ వచ్చింది. ఇంజిన్ దగ్గర, స్వింగ్ ఆర్మ్ బోల్టు ఉన్నచోట బుష్‌లు అరిగిపోయాయి. ఖాళీ బండికి ఆ ఆట కనపడేది కాదు, బరువు పెట్టగానే చక్రం తనంతట తాను దారి మారుస్తోంది. బుష్‌లు మార్చాక అదే సామానుతో, అదే రోడ్డు మీద ఊపు రాలేదు.

ముందువైపు కూడా ఇలాగే. ఎవరినైనా వెనక నొక్కమని ముందు చక్రం పైకి లేపండి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల అడుగు పట్టి ముందుకూ వెనక్కూ లాగినప్పుడు కొట్టుకున్నట్టుంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) వదులైంది. హ్యాండిల్‌ను చిటికెన వేలితో తిప్పండి, తిన్నగా ఉన్నచోట గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ అరిగింది, మార్చాలి. వాబుల్‌కు దీన్నే మొదట అనుమానించండి. స్పోక్ చక్రాలైతే స్క్రూడ్రైవర్‌తో ఒక్కో స్పోకును తట్టండి. టింగుమని మోగకుండా మొద్దుగా డబ్‌మంటే వదులైనట్టే.

చివరగా అలైన్‌మెంట్, అంటే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా అన్నది. చైన్ అడ్జస్టర్ గీతలను ఒక్కదాన్నే నమ్మకండి. స్వింగ్ ఆర్మ్ బోల్టు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకు టేపుతో రెండు వైపులా కొలవండి. రెండూ సమానంగా ఉండాలి.

ఇవన్నీ చూసినా ఊపు పోకపోతే, ముఖ్యంగా బండి ఎప్పుడైనా పడి ఉంటే, ఫోర్కు లేదా ఛాసిస్ వంగి ఉండొచ్చు. అది కొలిచే సాధనాలున్న వర్క్‌షాప్ పని. అప్పటిదాకా సామానుతో హైవే ఎక్కకండి. అంతా సరయ్యాక మొదటి ప్రయాణంలో 50 కిలోమీటర్ల దగ్గర ఒక టీ కొట్టు చూసి ఆగండి, పట్టీలు, క్యారియర్ నట్లు ఇంకోసారి బిగించి బయల్దేరండి.