డీ భాషలో టెంప్లేట్లు, థ్రెడ్లు కలిసినప్పుడు తప్పును పట్టుకునే పద్ధతి

వాల్టర్ బ్రైట్ 2001లో తొలిసారి విడుదల చేసిన డీ ప్రోగ్రామింగ్ భాషలో టెంప్లేట్లూ (ఒకే కోడ్‌ను వేర్వేరు టైపులకు వాడుకునే అచ్చులు) థ్రెడ్లూ (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) కలిసిన ప్రోగ్రామ్ తప్పుడు ఫలితం ఇస్తుంటే, కోడ్‌ను అటూ ఇటూ మార్చే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: ఆ విలువ కోడ్ కంపైల్ అయ్యేటప్పుడే (యంత్రం నడపగల రూపంలోకి మారేటప్పుడే) తెలిసేదా, నడిచేటప్పుడు తెలిసేదా; ఆ వేరియబుల్‌కు మెమరీలో ఎన్ని ప్రతులు ఉన్నాయి.

మొదటిది కాస్త తేలిక. ఫంక్షన్‌కు మామూలు ఆర్గ్యుమెంటుగా వచ్చిన విలువను స్టాటిక్ ఇఫ్‌లో (కంపైల్ సమయంలోనే తేలే షరతులో) పెడితే, దానిని కంపైల్ సమయంలో చదవడం కుదరదని కంపైలర్ చెబుతుంది. ఆ ఫంక్షన్‌ను కంపైలరే తన దగ్గర నడుపుతున్నా ఇదే జవాబు వస్తుంది, ఎందుకంటే స్టాటిక్ ఇఫ్ సంగతి ఫంక్షన్ నడవడానికి ముందే తేలిపోవాలి. కాబట్టి ఆ విలువను ఆశ్చర్యార్థకం తరువాత రాసే టెంప్లేట్ ఆర్గ్యుమెంటుగా మార్చండి, లేదా మామూలు ఇఫ్‌తో సరిపెట్టుకోండి.

ఎక్కువ సమయం తినేది ట్రెయిట్స్ కంపైల్స్ పరీక్ష, అంటే ఒక కోడ్ ముక్క కంపైల్ అవుతుందా అని అడిగేది. ఇచ్చిన కోడ్ కంపైల్ కాకపోతే అది కారణం చెప్పదు, ఫాల్స్ అని ఊరుకుంటుంది. మీరు ఒక అక్షరం తప్పు రాసినా అంతే. ఉదాహరణకు అర్రేకు మొదటి అంశాన్ని ఇచ్చే ఫ్రంట్, దానిని తీసేసే పాప్‌ఫ్రంట్ అనే ఫంక్షన్లు భాషలో లేవు, ఎస్‌టీడీ డాట్ రేంజ్ మాడ్యూల్ నుంచి వస్తాయి. ఆ ఇంపోర్టు మరచిపోయి ఫ్రంట్ ఉందా అని పరీక్షిస్తే, ఏ ఎర్రరూ లేకుండా ఎల్స్ భాగం ఎంపికవుతుంది. ఇలాంటి అనుమానం రాగానే పరీక్షలోని వాక్యాన్ని బయటికి తీసి విడిగా ఒక ఫంక్షన్‌లో రాయండి; దాగిన ఎర్రర్ అప్పుడు తెర మీదికి వస్తుంది. ఏ శాఖ ఎంపికైందో చూడడానికి కంపైల్ సమయంలో సందేశం చూపే ప్రాగ్మా ఎమ్‌ఎస్‌జీ చాలు. ఎల్స్ భాగాన్ని ఖాళీగా వదలక అక్కడ కంపైల్‌ను ఎర్రర్‌తో ఆపే స్టాటిక్ అసర్ట్ పెట్టడం నా దృష్టిలో ఐచ్ఛికం కాదు.

ఇక ప్రతుల సంగతి. మాడ్యూల్ స్థాయిలో ఒక కౌంటర్ పెట్టి, 4 థ్రెడ్లలో ఒక్కొక్కటి 1000 సార్లు దానిని పెంచేలా రాసి, అన్నీ ముగిశాక మెయిన్‌లో అచ్చువేయండి: 0 వస్తుంది. డీ రెండవ రూపంలో మాడ్యూల్ వేరియబుల్స్ థ్రెడ్‌కు ఒకటి చొప్పున ఉంటాయి గనుక, మెయిన్ చూసేది ఎవరూ తాకని తన సొంత ప్రతిని. జీషేర్డ్ అని మారిస్తే అన్ని థ్రెడ్లకూ ఒకే ప్రతి ఉంటుంది కానీ రక్షణ ఉండదు. 4000 కంటే తక్కువ రావచ్చు, అదీ ప్రతిసారీ ఒకేలా రాదు. షేర్డ్ అని ప్రకటిస్తే మాత్రం ప్లస్ ప్లస్‌తో పెంచడాన్ని కంపైలరే ఒప్పుకోదు, మధ్యలో మరో థ్రెడ్ దూరకుండా పెంచే, కోర్ డాట్ అటామిక్‌లోని అటామిక్‌ఆప్ వాడమంటుంది. దాని మాట వినండి, 4000 వస్తుంది.

ఇదే కౌంటర్‌ను టెంప్లేట్ ఫంక్షన్ లోపల స్టాటిక్‌గా (ఫంక్షన్ ముగిసినా విలువ నిలిచేలా) పెడితే చిక్కు రెట్టింపవుతుంది, ఎందుకంటే టెంప్లేట్‌ను వాడిన ప్రతి టైపుకూ వేరే ప్రతి పుడుతుంది. 3 టైపులు, మెయిన్‌తో కలిపి 4 థ్రెడ్లు అయితే 12 ప్రతులు. షేర్డ్ చేర్చితే అవి 3కు దిగుతాయి. ఒక్కటే కావాలంటే వేరియబుల్‌ను టెంప్లేట్ బయటికి తీయాలి. ఇంకొకటి: షేర్డ్ ఇంట్, ఇంట్ వేర్వేరు టైపులు. టైపు ఇంట్ అవునా అని సరిపోల్చే స్టాటిక్ ఇఫ్, రెఫ్‌గా (నకలు తీయకుండా నేరుగా) వచ్చిన షేర్డ్ వేరియబుల్‌ను కాదంటుంది. సరిపోల్చే ముందు అన్‌క్వాల్‌తో షేర్డ్ లాంటి విశేషణాలు తీసేయండి.

కొత్త థ్రెడ్‌ను మొదలుపెట్టే స్పాన్‌కు మార్చదగిన అర్రేను ఇస్తే అది థ్రెడ్ సొంత డేటాకు దారి ఇస్తుందని కంపైలర్ ఆపుతుంది. టైపును బలవంతంగా మార్చే క్యాస్ట్‌తో దాని నోరు నొక్కకండి. ఐడప్‌తో మార్పులేని ప్రతి తీసి పంపండి. అర్రే మరీ పెద్దదైతే, ఇంకెవరూ దానిని పట్టుకుని లేరని రూఢి చేసుకున్నాక, పాత రెఫరెన్సును ఖాళీ చేసి ఇచ్చే అస్యూమ్‌యునీక్ వాడండి.