ఎండలు ముదరకముందే: ల్యూకోడిస్ట్రఫీ పిల్లల ఫిజియోథెరపీలో జాగ్రత్తలు

విశాఖలో ఏప్రిల్ నుంచి ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ ఇబ్బంది. గాలిలో తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ల్యూకోడిస్ట్రఫీ అనే జన్యు జబ్బులో నరాల మీద సంకేతాలు త్వరగా పోయేలా చేసే మైలిన్ పొర దెబ్బతిని ఉంటుంది కాబట్టి ఒంటివేడి కాస్త పెరిగినా సంకేతాలు మందగిస్తాయి. నిన్న గోడ పట్టుకుని నిలబడ్డ పిల్లాడు ఇవాళ కూలబడిపోతే బద్ధకమని కసరకండి. చల్లటి గదిలో పడుకోబెట్టండి. గంటకీ తేరుకోకపోతే డాక్టరుకు చెప్పాలి.

నిలబెట్టడం, నడిపించడం ఉదయం ఏడున్నర లోపే ముగించండి. పది నిమిషాలు చేయించి, ఐదు నిమిషాలు ఆపండి. తిన్నాక గంట దాకా ఏదీ వద్దు. గుటక సరిగా పడనివాళ్లకు వడదెబ్బ భయంతో కొబ్బరినీళ్లు, పలచటి మజ్జిగ పట్టించేస్తుంటారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి.

పిక్క సాగదీయడంలోనే ఎక్కువ మంది తప్పుతారు. పాదం ముందు భాగాన్ని మాత్రమే పైకి నొక్కితే పాదం మధ్యలో వంగుతుంది, పిక్క మాత్రం సాగదు. మోకాలు చాపి, మడమను అరచేతిలో ఇముడ్చుకుని, మీ ముంజేతిని అరికాలికి ఆనించండి. మడమను కిందికి లాగుతూ నెమ్మదిగా 30 సెకన్లు, మూడు నుంచి ఐదుసార్లు. కుదుపుతో లాగితే కండరం ఇంకా బిగుస్తుంది.

ఏఎఫ్‌ఓ (చీలమండను, పాదాన్ని సరైన తీరులో నిలిపే తొడుగు) లోపల పొడి నూలు మేజోడు ఉండాలి, చెమటకు తడిస్తే మార్చేయాలి. విప్పాక ఎర్ర మచ్చ అరగంటకీ పోకపోతే అది పుండయ్యే చోటు. సరిచేయించేదాకా తొడగొద్దు.

వేసవి సెలవులకు ఊరెళ్తే కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందు సరిపడా సర్దుకోండి. ఒక్కసారిగా ఆగితే ఒళ్లు కొయ్యబారుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

జబ్బు ఏ రకమో థెరపిస్టుకు తప్పకుండా చెప్పండి. వానిషింగ్ వైట్ మ్యాటర్ రకంలో జ్వరం, తలకు తగిలే చిన్న దెబ్బ కూడా పిల్లాణ్ణి ఒక్కసారిగా దిగజార్చగలవు. నడిచేటప్పుడు హెల్మెట్ ఉండాలి. బరువును బట్టి పారాసిటమాల్ మోతాదు ముందే రాయించుకోండి. జ్వరం ఉన్న రోజు కీళ్లు మెల్లగా కదిపి, పక్కకు తిప్పి పడుకోబెడితే చాలు. అడ్రినోల్యూకోడిస్ట్రఫీలో అడ్రినల్ గ్రంథి కూడా దెబ్బతినొచ్చు. ఆ గ్రంథి హార్మోనుకు బదులుగా హైడ్రోకార్టిసోన్ వాడే పిల్లలకు జ్వరమొస్తే డాక్టరు రాసిచ్చిన పెంపు మోతాదు ఇవ్వాలి. వాంతులై మందు నిలవకపోయినా, మగతగా ఉన్నా ఓఆర్‌ఎస్‌తో ఇంట్లో కాలయాపన చేయకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. అడ్రినల్ సమస్య ఉందని రాసిన కాగితం అక్కడ ముందుగా చూపించండి.