పసిబిడ్డకు పన్ను పుచ్చితే సరైన డెంటిస్టును ఎలా వెతకాలి?

పాల పన్నే కదా, ఎలాగూ ఊడిపోతుందని చాలామంది ఊరుకుంటారు. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడే మాట నిజమే. దవడ పళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అంటే రెండేళ్ల బిడ్డకు పుచ్చిన దవడ పన్ను ఇంకో ఎనిమిదేళ్లు నమలాల్సిన పన్ను. పైగా పాల పళ్ల మీద ఎనామిల్ పలచగా ఉంటుంది, లోపల నరం ఉండే భాగం పెద్దది. అందుకే పుచ్చు పెద్దవాళ్లలో కంటే చాలా త్వరగా నరం దాకా దిగుతుంది.

డెంటిస్టుకు ఫోన్ చేసే ముందు ఇంట్లోనే ఒకసారి నోరు చూడండి. బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకొని, పై పెదవిని వేలితో ఎత్తి, ఫోన్ టార్చి వెలుగులో చూస్తే చాలు. పుచ్చు సాధారణంగా పైన ఉండే నాలుగు ముందు పళ్ల మీద, చిగురును ఆనుకొని మొదలవుతుంది. కింది ముందు పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం కూడా తడుపుతూ ఉంటుంది కాబట్టి అవి చాలాకాలం బాగానే కనిపిస్తాయి. చిగురు పక్కన సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార ఉంటే అది తొలి దశ. ఫ్లోరైడ్ వాడి, తిండి అలవాట్లు మారిస్తే దాన్ని అక్కడే ఆపొచ్చు. పసుపు, గోధుమ రంగు గుంత కనిపిస్తే ఎనామిల్ విరిగినట్టే. చిగురు మీద చిన్న పొక్కు లేచి తగ్గుతూ, మళ్లీ లేస్తూ ఉంటే వేరు దగ్గర చీము పట్టిందని అర్థం. అది నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకూడని విషయం. ఫోటోలు తీసి పెట్టుకోండి, ఫోన్‌లో వివరించేటప్పుడు పనికొస్తాయి.

బుగ్గ వాచి జ్వరం వచ్చినా, వాపు కంటి వైపు గానీ దవడ కిందికి గానీ పాకినా, బిడ్డ మింగలేక చొంగ కారుస్తున్నా నెమ్మదస్తుడైన డాక్టరు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ఆ క్షణమే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఎవరిని అడగాలి

మీకు కావలసింది పీడోడాంటిస్ట్, అంటే డెంటల్ డిగ్రీ తర్వాత పిల్లల పళ్ల మీద ప్రత్యేకంగా పైచదువు చదివిన డాక్టరు. బోర్డు మీద ‘పిల్లలకు కూడా చికిత్స’ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ చదువు ఉన్నట్టు కాదు, అడిగి తెలుసుకోండి. మీ పిల్లల డాక్టరును అడిగితే ఒకరిద్దరి పేర్లు చెబుతారు. డెంటల్ కాలేజీల్లో పిల్లల విభాగం ఉంటే అదీ మంచి దారే. గోడల మీద కార్టూన్లు, మూలన బొమ్మల బుట్ట ఎవరైనా పెట్టుకోవచ్చు, వాటిని బట్టి నిర్ణయించకండి. ఆన్‌లైన్ రివ్యూల్లో ‘మా బాబు అసలు ఏడవలేదు’ అని ఉంటే ఆ బాబు వయసెంతో, చేసింది చికిత్సో చెకప్పో చూడండి. ఆరేళ్ల పిల్లల అనుభవం రెండేళ్ల పిల్లలకు పనికిరాదు.

ఫోన్‌లో అడగాల్సినవి మూడు నాలుగు చాలు. మొదటిది, ‘రెండేళ్ల బిడ్డ ఏడుస్తూ నోరు తెరవకపోతే ఏం చేస్తారు?’ ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులోనే సగం తెలిసిపోతుంది. ‘ఒళ్లో పెట్టుకునే చూస్తాం, అర్జెంటు కాకపోతే ఇంకోరోజు రమ్మంటాం’ అంటే సంతోషం. ‘గట్టిగా పట్టుకొని చేసేస్తాం’ అంటే ఫోన్ పెట్టేయొచ్చు. రెండోది, చికిత్స జరుగుతున్నంతసేపూ అమ్మానాన్నల్లో ఒకరిని లోపల ఉండనిస్తారా? మూడోది, డ్రిల్ లేకుండా పుచ్చును ఆపే పద్ధతులు, ముఖ్యంగా ఎస్‌డీఎఫ్ (సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, పుచ్చు మీద రాసే వెండి కలిసిన మందు), హాల్ క్యాప్‌లు (పుచ్చిన దవడ పన్ను మీద తొడిగే స్టీల్ తొడుగులు) వాళ్ల దగ్గర ఉన్నాయా? నాలుగోది, మత్తు ఇవ్వాల్సి వస్తే ఎక్కడ, ఎవరు ఇస్తారు?

మొదటి రోజు ఎలా జరగాలి

పసిపిల్లలను పెద్ద కుర్చీలో ఒంటరిగా పడుకోబెట్టాల్సిన పనే లేదు. డాక్టరు, మీరు ఎదురెదురుగా మోకాళ్లు ఆనేలా కూర్చుంటారు. బిడ్డ మీ వైపు తిరిగి, కాళ్లు మీ నడుముకు చెరోవైపు వేసి మీ ఒళ్లో కూర్చుంటుంది. అలాగే మెల్లగా వెనక్కి వాలిస్తే తల డాక్టరు ఒళ్లోకి చేరుతుంది. చేతులు మీరు పట్టుకుంటారు, బిడ్డకు మీ ముఖం కనిపిస్తూనే ఉంటుంది. చూడటం ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు బిడ్డ ఏడుస్తుంది. ఈ వయసులో అది మామూలే, పైగా ఏడ్చినప్పుడు నోరు తెరుచుకుంటుంది కాబట్టి పళ్లు బాగా కనిపిస్తాయి. ఏడిపించారని డాక్టరును తప్పుపట్టకండి. ఏడుపు మొదలయ్యాక ఏం చేశారన్నది చూడండి. గొంతు తగ్గించి, ‘ఇదిగో నాన్నా, చిట్టి అద్దం, ముందు నీ గోరు చూద్దామా?’ అని వస్తువును చూపించి, వేలికి తాకించి, ఆ తర్వాతే నోట్లో పెట్టేవారు పని తెలిసినవారు. కసిరేవారు, బెదిరించేవారు, మీకు చెప్పకుండా బిడ్డను గుడ్డలో బిగించేవారు మీకొద్దు.

వాపు, నొప్పి లేనప్పుడు మొదటి రోజే నాలుగైదు పళ్లకు పని మొదలుపెడదామంటే ఆగండి. ఒక్కో పన్నుకు ఏం చేస్తారో, ఎందుకో, మూడు నెలలు ఆగితే ఏమవుతుందో రాసివ్వమనండి. ‘పాల పళ్లకు ఏమీ అక్కర్లేదు’ అనే డాక్టరు కూడా అంతే అనుమానించదగినవారు.

డ్రిల్ లేకుండా ఏమేం చేయొచ్చు

తెల్ల చారలకు 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్‌ను బ్రష్‌తో పూస్తారు, నిమిషాల పని. మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ పూయాలి. గుంత పడ్డాక, నొప్పి లేకపోతే 38 శాతం ఎస్‌డీఎఫ్ చుక్కను పుచ్చు మీద రాస్తారు. సూది లేదు, డ్రిల్ లేదు. చిక్కల్లా పుచ్చిన భాగం నల్లబడి అలాగే ఉండిపోవడం. ముందు పళ్లకు రాయించే ముందు ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, లేకపోతే తర్వాత గొడవ. పెదవికి అంటిన మచ్చ కొద్దిరోజుల్లో పోతుంది, బట్టలకు అంటితే మాత్రం పోదు, పాత చొక్కా వేసి తీసుకెళ్లండి. ఒకసారి రాస్తే సరిపోదు, ఆరు నెలలకోసారి చూపించి అవసరమైతే మళ్లీ రాయించాలి. వెండి అలర్జీ ఉన్నవారికి, చీము పట్టిన పళ్లకు ఇది పనికిరాదు.

దవడ పళ్లకైతే హాల్ పద్ధతి ఉంది. పుచ్చును తవ్వకుండా, మత్తు సూది లేకుండా దాని మీదే స్టీల్ క్యాప్ తొడిగి సిమెంటుతో మూసేస్తారు. లోపలి సూక్ష్మజీవులకు తిండి అందక పుచ్చు అక్కడే ఆగిపోతుంది. పళ్ల మధ్య సందు లేకపోతే కొన్ని రోజుల ముందు చిన్న రబ్బరు రింగులు పెడతారు. క్యాప్ వేశాక పళ్లు కలవనట్టు, ఎత్తుగా అనిపిస్తుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కంగారుపడి తీయించొద్దు.

మత్తు సూది తప్పనిసరైతే బిడ్డ బరువు తూచారో లేదో గమనించండి, డోసు దాన్ని బట్టే ఉంటుంది. ఇంటికొచ్చాక రెండు మూడు గంటలు కన్నేసి ఉంచాలి. మొద్దుబారిన పెదవిని పిల్లలు తెలియక కొరికేసుకుంటారు, మర్నాటికి పుండవుతుంది.

నవ్వించే గ్యాస్ (భయం తగ్గించడానికి పీల్పించే నైట్రస్ ఆక్సైడ్) పసిపిల్లల్లో తరచుగా పనిచేయదు. ముక్కుతో పీల్చాలి, ఏడ్చే బిడ్డ నోటితో పీలుస్తుంది. చాలా పళ్లు పాడై, ఆగే వీలు లేనప్పుడు పూర్తి మత్తులో ఒకేసారి చేయించడం తప్పు కాదు. అయితే మత్తు చూసుకునే డాక్టరు వేరుగా ఉండాలి, పళ్ల డాక్టరే రెండు పనులూ చేయకూడదు. నీళ్లు 2 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బా పాలు, తేలికపాటి తిండి 6 గంటల ముందు ఆపాలన్నది సాధారణ లెక్క. ఏడుస్తోందని ఒక్క గుక్క పాలు పట్టినా చెప్పేయండి. దాస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

అపాయింట్‌మెంట్ వచ్చేలోపు

నిద్ర తీరి హుషారుగా ఉండే వేళకు, ఎక్కువగా పొద్దున్నే, అపాయింట్‌మెంట్ అడగండి. ‘నొప్పి పుట్టదులే’, ‘సూది వేయరులే’ అని ముందే ధైర్యం చెప్పకండి, నొప్పి, సూది అన్న మాటలే బుర్రలో ఉండిపోతాయి. ‘డాక్టరు మామ పళ్లు లెక్కపెడతారు’ అంటే చాలు.

రాత్రి నోట్లో పాల సీసాతో నిద్రపుచ్చడం ఈరోజే మానేయాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలలోని చక్కెర రాత్రంతా పళ్ల మీదే ఉంటుంది. సీసా కావాల్సిందేనని మారాం చేస్తే నీళ్లు పోసివ్వండి. 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టును బియ్యపు గింజంత పెట్టి రోజుకు రెండుసార్లు మీరే తోమాలి. మూడేళ్లు నిండాక బఠానీ గింజంత. నొప్పి ఉంటే బరువుకు తగ్గ పారాసిటమాల్ వేయొచ్చు. ఆస్పిరిన్ వద్దు, రెండేళ్లలోపు బెంజోకైన్ జెల్ వద్దు, లవంగ నూనె చిగురును కాలుస్తుంది. ఉత్త యాంటీబయాటిక్‌తో వాపు తగ్గినా పన్ను బాగుపడదు, కోర్సు అయ్యాక మళ్లీ వస్తుంది.

మధ్యలో డాక్టరును మార్చాల్సి వస్తే మొహమాటపడకుండా ఎక్స్‌రే కాపీలు, ఏ పన్నుకు ఏ తేదీన ఏం చేశారో రాసిన కాగితం అడిగి తీసుకోండి. ఎస్‌డీఎఫ్ ఎప్పుడు రాశారో తెలియకపోతే మళ్లీ ఎప్పుడు రాయాలో కొత్త డాక్టరు తేల్చుకోలేరు.