జపాన్ పిచర్‌ను తెచ్చుకునే ముందు జట్టు వేసుకోవలసిన లెక్క

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని ఒక అమెరికా జట్టు జపాన్ నుంచి పేరున్న పిచర్‌ను (బంతి విసిరే ఆటగాణ్ణి) తెచ్చుకోవాలనుకుంటే, పత్రికలలో కనిపించే ఒప్పందం మొత్తాన్నే ఖర్చుగా రాసుకోకూడదు. ఆ మొత్తం ఆటగాడికి చేరేది మాత్రమే. అతణ్ణి వదులుకునే జపాన్ జట్టుకు చెల్లించవలసినదీ, లీగ్‌కు పన్నుగా కట్టవలసినదీ దానికి అదనం.

ముందుగా ఆటగాడు ఏ దారిలో వస్తున్నాడో తేల్చుకోవాలి. జపాన్‌లో నిర్ణీత సంవత్సరాలు ఆడి విదేశాలకు స్వేచ్ఛగా వెళ్లే హక్కు సంపాదించుకున్నవాడైతే పాత జట్టుకు ఏమీ ఇవ్వనక్కరలేదు. 2022 చివర మెట్స్ జట్టు కొడాయ్ సెంగాను 5 సంవత్సరాలకు 7.5 కోట్ల డాలర్లకు తీసుకున్నది ఇలాగే. ఆ హక్కు రాకముందే పాత జట్టు ‘పోస్టింగ్’ ద్వారా అతణ్ణి వదిలితే, ఒప్పందం కుదుర్చుకోవడానికి 45 రోజుల గడువు ఉంటుంది, పరిహారం కూడా చెల్లించాలి. 25 ఏళ్లు నిండనివాడైతే లెక్కే వేరు: రోకి ససాకికి 2025లో డాడ్జర్స్ జట్టు ఇచ్చిన బోనస్ 65 లక్షల డాలర్లే.

పరిహారాన్ని అంచెలవారీగా లెక్కించాలి. ఒప్పందంలో మొదటి 2.5 కోట్ల డాలర్లపై 20 శాతం, తరువాతి 2.5 కోట్లపై 17.5 శాతం, ఆపై మిగిలినదానిపై 15 శాతం. యోషినోబు యమమోతోకు 2023 డిసెంబరులో డాడ్జర్స్ 12 సంవత్సరాలకు 32.5 కోట్ల డాలర్లు ఒప్పుకున్నప్పుడు ఈ మూడు అంచెలు వరుసగా 50 లక్షలు, 43 లక్షల 75 వేలు, 4 కోట్ల 12 లక్షల 50 వేలు అయ్యాయి. అంటే అతణ్ణి వదిలిన ఓరిక్స్ జట్టుకు చేరవలసినది 5 కోట్ల 6 లక్షల 25 వేల డాలర్లు. దీనికి తోడు సంతకం బోనస్ ఒక్కటే 5 కోట్లు కాబట్టి, మొదటి సంవత్సరం జీతం 50 లక్షలే అయినా, ఖజానాలో నగదు ఎంత సిద్ధంగా ఉండాలో జీతాన్ని చూసి అంచనా వేయడం కుదరదు.

అసలు చిక్కు పన్నులో ఉంది. ఐపీఎల్‌లో వేలం సొమ్ముకు దాటరాని గీత ఉన్నట్టు ఇక్కడ జట్టు మొత్తం జీతాలకు ఉండదు. దాటవచ్చు, కాని దాటినదానికి పన్ను కట్టాలి. 2025లో ఆ గీత 24.1 కోట్ల డాలర్లు. పన్ను కోసం ఒప్పందం మొత్తాన్ని సంవత్సరాలతో భాగించి సగటును తీసుకుంటారు, పరిహారాన్ని మాత్రం కలపరు. యమమోతో సగటు సుమారు 2.71 కోట్లకు దిగిందంటే అది 12 సంవత్సరాల చలవే. ఇప్పుడు సగటున 1.5 కోట్లకు వచ్చే ఒక పిచర్‌ను ఊహించుకుందాం. గీతకు 1.5 కోట్లు దిగువన ఉన్న జట్టుకు అతనివల్ల పైసా పన్ను పడదు. వరుసగా మూడో సంవత్సరం గీత దాటి, ఇప్పటికే 2.2 కోట్లు పైన ఉన్న జట్టుకైతే 50 శాతం పన్ను, 12 శాతం సర్‌ఛార్జి కలిసి అదే పిచర్‌పై ఆ ఏడాది 93 లక్షలు అదనంగా పడుతుంది. అతని విలువ ఎంత అని అడిగే ముందు మన జట్టు ఎక్కడ నిలబడి ఉందో చూసుకోవాలనడం ఇందుకే. గీతకు 4 కోట్లు మించితే, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక కూడా 10 స్థానాలు వెనక్కి పోతుంది.

ఇక విఫలమైతే ఏమిటన్నది. జపాన్ ఆటగాడితో మాట్లాడే హక్కు కోసం జట్లు సీల్డ్ బిడ్‌లు వేసే కాలంలో, 2006లో, యాంకీస్ జట్టు కెయి ఇగావాతో మాట్లాడే హక్కుకే 2 కోట్ల 60 లక్షల 194 డాలర్లు వెచ్చించి, 5 సంవత్సరాలకు మరో 2 కోట్లు ఒప్పుకుంది. మేజర్ లీగ్‌లో అతను ఆడినవి 16 ఆటలు. జీతానికి హామీ ఉంటుంది కనుక ఆడకపోయినా ఇవ్వక తప్పదు. జపాన్ పిచర్లు వారానికొకసారి బంతి వేయడానికి అలవాటుపడినవారు కాబట్టి, అతనికి విశ్రాంతి దొరకడానికి, వంతులవారీగా ఆట మొదలుపెట్టే ఐదుగురికి తోడు ఆరో పిచర్ జీతాన్ని కూడా అంచనాలో చేర్చుకోవడం మేలు.

నష్టభయం ఎక్కువనిపిస్తే ఒప్పందాన్ని విడతలుగా రాసుకోవచ్చు. కబ్స్ 2024 జనవరిలో షోటా ఇమనాగాతో 4 సంవత్సరాలకు 5.3 కోట్లు రాసుకుని, కొనసాగించాలో వద్దో నడుమ తేల్చుకునే అవకాశాలు పెట్టుకుంది. అప్పటి పరిహారం 98 లక్షల 25 వేలే. 2025 చివర మరో 3 సంవత్సరాలకు 5.7 కోట్లు కట్టే అవకాశాన్ని ఆ జట్టు వదులుకుంది, ఇమనాగా ఒక్క సంవత్సరానికి 2 కోట్ల 20 లక్షల 25 వేలకు అక్కడే కొనసాగడానికి ఒప్పుకున్నాడు.