డ్రోన్ బాడీ మీద చెయ్యి వేసే ముందు

రంగు డబ్బా మూత తీయకముందే, డ్రిల్లుకు బిట్టు బిగించకముందే చేయాల్సిన పని ఒకటుంది. డ్రోన్‌ని ఇప్పుడున్నది ఉన్నట్టుగా, బ్యాటరీతో సహా కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. తర్వాత అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ వైరు ఏ సందులోంచి వెళ్తోంది, ఏ స్క్రూ పొట్టిది, ఏది పొడుగుది, ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ని నడిపించే బోర్డు) మీది బాణం గుర్తు ఎటు చూస్తోంది, ఇవన్నీ కనబడాలి. విప్పేటప్పుడు అన్నీ గుర్తుంటాయనే అనిపిస్తుంది. రంగు ఆరాక రెండు రోజులకి బిగించడానికి కూర్చుంటే, చివర్లో మిగిలిపోయిన రెండు స్క్రూలు మనల్ని చూసి నవ్వుతుంటాయి.

ఇక ప్రాపెల్లర్లన్నీ ఊడదీసి డబ్బాలో పెట్టేయండి. పని మొత్తం అయ్యేదాకా, సెట్టింగులు సరిచూసుకునేదాకా అవి బయటికి రాకూడదు. "ఒక్కసారి పవర్ ఇచ్చి చూద్దాం" అనుకున్నప్పుడే వేళ్లు తెగేది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని కూడా బల్ల మీద ఉంచొద్దు. స్క్రూడ్రైవర్ జారి దానికి గుచ్చుకుంటే మంట అంటుకోవచ్చు, అది అంత తేలిగ్గా ఆరే మంట కాదు. పని వారం పట్టేలా ఉంటే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర, స్టోరేజ్ చార్జిలో ఉంచండి. 4.2 దగ్గర నిండుగా వదిలేస్తే బ్యాటరీ ఊరికే పాడవుతుంది.

బొమ్మ కారుకు బాడీ అంటే చాలావరకు అందం కోసం. మల్టీరోటర్ (చాలా ప్రాపెల్లర్లతో ఎగిరే డ్రోన్) సంగతి వేరు. దీన్ని గాల్లో నిలబెట్టే రెక్కలేమీ లేవు. గైరో (ఊపును, తిరుగుడును కొలిచే సెన్సార్) చెప్పే మాట విని ఫ్లైట్ కంట్రోలర్ సెకనుకు వేల సార్లు మోటార్ల వేగాన్ని సరిదిద్దుతుంటే అది నిలబడుతోంది. ఆ గైరోకి వార్తలు అందేది బాడీ ద్వారానే. మీరు తగిలించిన అలంకారం వదులుగా ఉండి దడదడలాడితే, డ్రోనే ఊగిపోతోందని గైరో అనుకుంటుంది. లేని ఊపును ఆపడానికి మోటార్లు నానా తంటాలు పడి కాలిపోయేంత వేడెక్కుతాయి. కాబట్టి ఏ ముక్క బిగించినా, వేలితో మీటితే అది శబ్దం చేయకూడదు.

ఫ్రేమ్ కార్బన్ ఫైబర్‌దైతే ఇంకాస్త భయం ఉండాలి. చూడటానికి ప్లాస్టిక్‌లా ఉన్నా అది కరెంటును పారనిస్తుంది. కోసినా, రంధ్రం చేసినా రాలే నల్లపొడి సర్క్యూట్ బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. అందుకే ఎలక్ట్రానిక్స్ అంతా పూర్తిగా తీసేశాకే ఫ్రేమ్‌ని ముట్టుకోవాలి. "ఒక్క రంధ్రమే కదా" అని బోర్డు మీద గుడ్డ కప్పి కానిచ్చేయడం నేనూ చేశాను, మీరు చేయకండి. ఆ పొడి ఊపిరితిత్తులకూ మంచిది కాదు, చర్మం మీద పడితే దురద. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. అరగదీయడం నీళ్లతో తడుపుతూ చేయండి. పొడిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

కోసిన అంచు కత్తిలా ఉంటుంది. బ్యాటరీ పట్టీని, వైర్ల మీది తొడుగును అది మెల్లగా కోస్తూ పోతుంది. వైరు తెగి లోపలి రాగి ఫ్రేమ్‌కి తగిలిందంటే షార్టే. కాబట్టి అంచులన్నీ సన్నటి ఉప్పుకాగితంతో గుండ్రంగా చేయాలి. బిగించడం అయ్యాక మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక కొనను డ్రోన్ వైపు బ్యాటరీ ప్లగ్గుకూ, ఇంకో కొనను ఫ్రేమ్‌కీ తాకించి చూడండి. బీప్‌మంటే బ్యాటరీ జోలికి వెళ్లకండి, ఎక్కడో వైరు తగులుతోంది. మొదటిసారి పవర్ స్మోక్ స్టాపర్ (షార్ట్ ఉంటే కరెంటు ఎక్కువ పారకుండా ఆపే చిన్న పరికరం) ద్వారా ఇవ్వడం మంచిది.

మోటారు స్క్రూల గురించి విడిగా చెప్పాలి. ఆర్మ్ (మోటారును మోసే ఫ్రేమ్ చెయ్యి) మార్చి పాతదానికన్నా పలచనిది వేశారనుకోండి. అవే స్క్రూలు వాడితే మిగిలిన పొడవు మోటారు లోపలికి చొచ్చుకెళ్లి రాగితీగ చుట్టను గీరుతుంది. మోటారు అక్కడికక్కడే పోవచ్చు, లేదా పది ఫ్లైట్ల తర్వాత నడిగాల్లో పోవచ్చు. బిగించే ముందు పక్కనుంచి టార్చి వేసి, స్క్రూ కొనకూ తీగకూ మధ్య ఖాళీ ఉందో లేదో కళ్లారా చూడండి.

ప్రాప్ (ప్రాపెల్లర్) సైజు పెంచాలనే ఆశ అందరికీ ఉంటుంది. ఒక చిన్న లెక్క. మూలకు మూల ఎదురుగా ఉన్న మోటార్ల మధ్య 220 మిల్లీమీటర్లున్న సమచతురస్ర ఫ్రేమ్‌లో పక్కపక్క మోటార్ల మధ్య దూరం సుమారు 155. ఐదంగుళాల ప్రాప్ అంటే 127 మిల్లీమీటర్లు, అంటే రెండు ప్రాపుల మధ్య 28 మిల్లీమీటర్ల సందు. ఆరంగుళాలది పెడితే మిగిలేది 3. ఆర్మ్ కాస్త వంగితే చాలు, రెండూ కొట్టుకుంటాయి. కొత్త తొడుగు కూడా ప్రాప్ తిరిగే వలయం కిందికి రాకూడదు. తోసిన గాలిని అదే అడ్డుకుంటుంది.

సిగ్నల్ దెబ్బతినే మార్గాలు ఒకటీ రెండూ కావు. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ వైరు చివర తొడుగు లేని 31 మిల్లీమీటర్ల ముక్కే అసలు యాంటెన్నా. అందంగా లేదని దాన్ని కత్తిరించొద్దు, మడిచి కార్బన్‌కి అంటించొద్దు. లోహపు పొడి కలిసిన మెరుపు రంగులు, క్రోమ్ స్టిక్కర్లు జీపీఎస్ మీద, యాంటెన్నాల మీద పడకూడదు. వీడియో ట్రాన్స్‌మిటర్‌కి యాంటెన్నా తగిలించకుండా పవర్ ఇవ్వొద్దు, అది కాలిపోవచ్చు.

అయస్కాంతాల పాఠం మాత్రం నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను. పై తొడుగు ఠక్కున ఊడి ఠక్కున అతుక్కోవాలని మూలల్లో నాలుగు చిన్న అయస్కాంతాలు పెట్టాను. చూసినవాళ్లంతా భలే ఉందన్నారు. ఎగరేసి జీపీఎస్ మోడ్‌లో పెడితే, ఒకచోట నిలబడాల్సింది సుడి తిరిగినట్టు రానురాను పెద్ద వలయాలు చుట్టడం మొదలెట్టింది. దిక్సూచి ఉత్తరం ఎటో మర్చిపోయింది మరి. జీపీఎస్ ఉన్న డ్రోన్‌లో అయస్కాంతాలు వద్దు, దిక్సూచి పక్కన ఇనుప స్క్రూలూ వద్దు. బాడీ మార్చాక దిక్సూచిని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి.

ఎత్తు కొలిచే బారోమీటర్ మీద చిన్న స్పాంజి ముక్క కనిపిస్తే చెత్త అనుకుని పీకేయకండి. గాలి నేరుగా తగిలితే, కొన్నిటికి వెలుతురు తగిలినా, రీడింగ్ మారిపోయి డ్రోన్ పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతుంది. అలాగని గాలి సందులన్నీ మూసేయకూడదు, ఈఎస్‌సీలు (మోటార్ల వేగాన్ని నియంత్రించే బోర్డులు) వేడెక్కుతాయి. అడుగున ఉండే సెన్సార్ల మీద రంగు, స్టిక్కర్ ఏదీ వద్దు.

పారదర్శక పాలీకార్బొనేట్ తొడుగుకు రంగు లోపలి వైపు వేయాలి, అదీ పాలీకార్బొనేట్ కోసం చేసిన రంగే. మామూలు స్ప్రే పెచ్చులూడుతుంది, కొన్ని సాల్వెంట్లకు ప్లాస్టిక్ బీటలిస్తుంది. ముందు సబ్బునీళ్లతో జిడ్డు వదలగొట్టాలి. లోపలినుంచి వేస్తాం కాబట్టి వరస తిరగబడుతుంది: ముదురు రంగు ముందు, లేత రంగు తర్వాత. పలచగా రెండు మూడు పూతలు చాలు. స్క్రూలు వదులు కాకుండా పూసే థ్రెడ్‌లాకర్ పాలీకార్బొనేట్‌కి తగిలితే పగుళ్లొస్తాయి. సూపర్ గ్లూ ఆవిరికి కెమెరా లెన్స్ తెల్లగా మసకబారుతుంది, ముందే లెన్స్‌ని కప్పండి లేదా తీసేయండి. ప్రాపులకు మాత్రం రంగు వేయకండి, బ్యాలెన్స్ పోతుంది. ముందు ఆర్ములు ఒక రంగు, వెనకవి ఇంకో రంగు ఉంటే దూరాన ఎటు తిరిగిందో తెలుస్తుంది. మొత్తం నలుపు చేస్తే ఆకాశంలో ముక్కేదో తోకేదో తేలదు.

త్రీడీ ప్రింట్ చేసుకునేవాళ్లు పీఎల్‌ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుందని గుర్తుంచుకోండి. ఎండలో మూసి ఉంచిన కారులో వదిలేస్తే వంకర పోతుంది. మోటార్లు బిగించే భాగాలకు అది వద్దు.

అంతా అయ్యాక మళ్లీ తూచండి. చాలా దేశాల్లో 250 గ్రాముల దగ్గర నిబంధనలు మారతాయి. 249తో కొన్నదానికి రెండు పూతలు, నాలుగు స్టిక్కర్లు చేరితే మీకు తెలియకుండానే ఆ గీత దాటేస్తారు. బరువు మధ్యకు వచ్చిందో లేదో రెండు వేళ్ల మీద నిలబెట్టి చూసి, బ్యాటరీని అటూ ఇటూ జరిపి సరిచేయండి.

మొదటి ఫ్లైట్ మనుషుల్లేని గడ్డి నేల మీద, మోకాలి ఎత్తులో, 30 సెకన్లు మాత్రమే. దానికి ముందు, ప్రాపులు లేకుండా మోటార్లు తిప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపితే అవి ఆగుతున్నాయో లేదో చూసుకోండి. దించాక బ్యాటరీ తీసేసి మోటార్లను ఒక్కొక్కటిగా తాకండి. వేలు మూడు సెకన్లు ఉంచలేనంత వేడిగా ఉంటే ఎగరేయడం ఆపి, ఏది వదులుగా ఉందో వెతకండి. నాలుగింట్లో ఒకటే వేడిగా ఉంటే ఆ ఆర్మ్ దగ్గరే మొదలుపెట్టండి.